వినార్ని భుజం మీద ఇల్లు

"ఇంతకీ నువ్వు గిటారు వాయిస్తున్నావా, ఇల్లు మోస్తున్నావా?"

వినార్ని ఎడమ భుజం మీద మోచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా దాని మీదికి దించుతూ సాకియెం అడిగిన ప్రశ్న ఇది. సాకియెం మా కార్తసురాలో ఒళ్ళు పట్టే ముసలావిడ. అందరికీ అమ్మమ్మ వరస కాబట్టి ఊరంతా ఎంబా అనే పిలుస్తుంది. ఆమె చాప మీద పడుకున్నవాళ్ళు నిజమైనా చెప్తారు, కేకైనా వేస్తారు. వినార్ని రెండూ చేసింది.

"రెండూనే ఎంబా... అబ్బా! అక్కడ కాదు! మా తాతగారింటి స్తంభంతో చేయించింది మరి."

"స్తంభం ఇంటిని మోయాలి. స్తంభాన్నే నువ్వు మోస్తానంటే ఎముకలు ఊరుకుంటాయా? ఏదీ, వేళ్ళు ఆడించు. ఊఁ. ఆ చిటికెనవేలు నీదేనా, ఎవరి దగ్గరైనా అరువు తెచ్చావా?"

చిటికెనవేలు, దాని పక్కవేలు కొంతకాలంగా వినార్ని మాట వినడం లేదు. గిటారు పట్టీ భుజానికి తగిలించుకుని గంట దాటితే చాలు, అవి మొద్దుబారిపోయేవి. తీగల మీద పరుగులు తీయాల్సిన చేతివేళ్ళు అవి. సాకియెం నొక్కినప్పుడు ప్రాణం లేచొచ్చేది, మళ్ళీ కచేరీలో పోయేది.

వినార్నికి నలభై దాటాయి. హర్జితో అనే ఆయన నడిపే, పెళ్ళిళ్ళలో జనాన్ని ఎగిరించే దంగ్‌డుత్ మేళంలో ఎలక్ట్రిక్ గిటారు మీద మెలడీ వాయిస్తుంది. మా వైపు మేళాల్లో ఆడవాళ్ళు పాడతారు, మగవాళ్ళు వాయిస్తారు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలీదు గానీ అందరూ దేవుడు చేసినట్టే మాట్లాడతారు. వినార్ని కూడా మొదట పాడింది. పాటగత్తెలకి ముప్ఫై అయిదు దాటగానే పిలుపులు ఎలా పల్చబడతాయో ముందే చూసి, తండ్రి దగ్గర నేర్చుకున్న గిటారు తీసుకుని రెండడుగులు పక్కకి జరిగి నిలబడింది. "గిటారుని వయసెంతని ఎవరూ అడగరు" అనేది ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు. ఆమెతోపాటు పాడినవాళ్ళు ఇప్పుడు పెళ్ళిళ్ళకి వంటలు పంపుతున్నారు. ఆమె ఇంకా వేదిక మీదే ఉంది.

ఆమెకంటూ ఒక స్వరం ఉంది. పాటగత్తె చరణం ముగించిన చోట వినార్ని ఒక్క తీగని మీటి, వేలితో పైకి వంచి, అలా వదిలేస్తుంది. అది గాలిపటంలా నిలబడుతుంది. డోలు వాయించేవాడు అది వాలేదాకా ఆగి అప్పుడు దెబ్బ వేస్తాడు. కుర్రాళ్ళు ఆ దెబ్బకోసమే కాచుకుని ఉంటారు. బొయొలాలిలో కొందరు రోడ్డుమీద నుంచే ఆ స్వరం విని "కార్తసురా ఆవిడ వచ్చింది" అంటారని హర్జితో ప్రతి బేరంలోనూ చెప్పేవాడు.

ఆ స్వరం ఎక్కడిది? అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు దొరికేది: చెక్కది.

తాతగారి జోగ్లో ఇంటిని, టేకు స్తంభాల మీద నిలిచే పాతకాలపు ఇల్లది, వినార్ని చిన్నప్పుడే అమ్మేశారు. కొన్న వ్యాపారి దాన్ని మేకు మేకూ విప్పి, స్తంభాలూ దూలాలూ లారీలకెక్కించి బాలిలో ఒక హోటలుకి తోలాడు. ఒక స్తంభం చివర పొడవెక్కువైందని కోసేస్తే, ఆ టేకు ముక్కని ఆమె తండ్రి కర్సోనో భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని బాకి అనే ఊరికి అవతల, గిటార్లు చేసే ఊరికి పట్టుకెళ్ళి, తుమిజాన్ అనే పనివాడి చేత ఎలక్ట్రిక్ గిటారు చేయించాడు. చేతిలోకి తీసుకున్నవాడు ఎవడైనా సరే, ముందు "హమ్మో" అనేవాడు. అయిదున్నర కిలోలు. బియ్యం సంచీని మెడకి వేలాడేసుకుని నాలుగ్గంటలు నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

"బరువుంది కాబట్టే ఆ మోత" అని తండ్రి అన్నాడు. తండ్రి పోయాక ఆ మాటని మేనత్త సిస్వాంతి అందుకుంది. ఆ ఇంట్లో కత్తి లాంటి వారసత్వపు వస్తువులు ఏనాడో అమ్ముడుపోయాయి. పూజించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, గిటారు మిగిలింది. ఏటా మా సంవత్సరాదికి, సురో నెల మొదటిరోజున, మేనత్త దాన్ని తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి, నిమ్మరసం, మల్లెపూల నీళ్ళతో తుడిచేది. కరెంటుతో పనిచేసే వాద్యానికి నిమ్మరసంతో అభిషేకం చేసే జాతి ప్రపంచంలో మాది ఒక్కటే అయి ఉంటుంది. మరలు తుప్పుపట్టాయి. ముందువైపు తీగల కింది అయస్కాంతాలు రెండుసార్లు చచ్చిపోతే మార్పించింది వినార్ని. వెనకవైపు మాత్రం ఎవరూ విప్పలేదు. వంశపు వస్తువు కడుపు కోస్తామా అన్నది మేనత్త.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఎలక్ట్రిక్ గిటారులో చెక్క పాడదు. పాడేది ఉక్కు తీగ, దాన్ని వినేది కిందనున్న అయస్కాంతం, అరిచేది పక్కనున్న పెట్టె. చెక్క పని తీగ రెండు కొసల్నీ కదలకుండా పట్టుకోవడం. బిగువైన, బరువైన చెక్క గట్టిగా పట్టుకుంటుంది, తీగ ఊపు కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. మెత్తని చెక్క ఆ ఊపులో కొంత తనే తినేస్తుంది. బరువుకి ఇందులో వాటాయే లేదనడం అబద్ధం. అంతా బరువే అనడం అంతకంటే పెద్ద అబద్ధం. కూరలో కరివేపాకంత వాటా, అంతే. ఇక "స్వరమంతా వేళ్ళలోనే ఉందండీ" అనే వినయవంతులు కొందరుంటారు. వేళ్ళు మొద్దుబారినవాళ్ళని ఒకసారి అడిగి చూడమనండి.

బొయొలాలిలో ఒక పెళ్ళిలో అది జరిగింది. మధ్యాహ్నపు కచేరీ రెండోగంటలో వినార్ని స్వరాన్ని పైకి వంచబోతే పక్కవేలు జారింది. గాలిపటం లేవకుండానే కూలింది. డోలువాడు ఆగాలో కొట్టాలో తెలీక సగం దెబ్బ వేశాడు. ముందు వరసలో ఎగురుతున్న కుర్రాళ్ళు ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. నవ్వులు లేచాయి.

పందిరి వెనక అన్నాలు తింటున్నప్పుడు హర్జితో ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. అయ్యా అన్నట్టు మేళమంతా ఆయన్ని పాక్ అంటుంది. మంచివాడే గానీ వ్యాపారస్తుడు.

"భుజమేనా?"

"భుజమే పాక్. కుర్చీ వేసుకుని వాయిస్తాను. కూర్చుంటే బరువు తొడమీద పడుతుంది, వేళ్ళకి ఏమీ కాదు."

"కూర్చుని వాయించడానికి ఇదేమన్నా పాతకాలపు గమెలాన్ మేళమా? ఎగరడానికి డబ్బులిస్తున్నారమ్మా జనం. మెలడీ మనిషి కుర్చీలో కూర్చుంటే ఒంట్లో బాలేదనుకుని పళ్ళు పట్టుకొస్తారు."

"తెస్తే తెమ్మనండి, తిందాం."

"నవ్వకు. వచ్చే సెలో నెలంతా పెళ్ళిళ్ళు లేవు. ఏం వైద్యం చేయించుకుంటావో చేయించుకో. ఆ తర్వాత బెసార్ నెలలో మొదటి పెళ్ళి క్లాతెన్‌లో. చివరి పాటదాకా నిలబడి వాయించావా, చోటు నీదే. లేదంటే స్రాగెన్ నుంచి ఒకతను వస్తానంటున్నాడు."

"ఎంతకి వస్తానంటున్నాడు?"

"నీకంటే తక్కువకే."

"అయితే నాకంటే తక్కువే వాయిస్తాడు" అంది వినార్ని, చేపముల్లు తీసి పక్కన పెడుతూ. కానీ ఆ పూట ఆమె అన్నం సగం మిగిల్చింది.

సెలో నెల వచ్చింది. వినార్ని ఊరికే కూర్చునే మనిషి కాదు. ముందు జానెడు వెడల్పు తోలు పట్టీ కొంది. బరువు భుజం మీద పరుచుకుంది గానీ తగ్గలేదు. ఇంట్లో నిలబడి వాయించి చూసుకుంటే గంటకి మొద్దుబారే వేళ్ళు గంటన్నరకి మొద్దుబారాయి. తర్వాత మేళంలో రిథమ్ వాయించే అతని గిటారు అరువు తెచ్చింది. సెంగోన్ చెక్కతో చేసింది, పళ్ళపెట్టెలు చేసే చెక్క అది. దూదిపింజెలా ఉంది. భుజానికి హాయి. అయితే గిటారు ఒంటికన్నా దాని మెడ బరువెక్కువ కావడంతో చెయ్యి తీస్తే చాలు మెడ నేలవైపు వాలిపోతోంది. దాన్ని ఎత్తిపట్టడం కూడా ఎడమచేతికే పడింది. తేలికైతే సుఖం అనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమేనని ఆమెకి అరగంటలో తెలిసొచ్చింది. మోత విషయానికొస్తే, బాగానే ఉంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకి తను కూడా గట్టిగా చెప్పుకోలేదు.

చివరికి టేకు గిటారుని మోటారు సైకిలు వెనక కట్టుకుని, కొత్తది చేయించుకుందామని తుమిజాన్ దగ్గరికి బయల్దేరింది. మధ్యరకం బరువు, మహాగని చెక్క, మెడ వాలకూడదు, మోత పోకూడదు. దారంతా ఇవే అనుకుంటూ వెళ్ళింది. కొత్తదానికి తన చేతిలో ఉన్న డబ్బు చాలదని కూడా తెలుసు.

తుమిజాన్ ముసలివాడైపోయాడు గానీ గొంతు ముసలిది కాలేదు. రంపపు పొట్టులో కూర్చుని లవంగం సిగరెట్టు కాలుస్తూ, పనివాళ్ళనీ కోళ్ళనీ ఒకే స్వరంలో తిడుతున్నాడు. గిటారుని అందుకుని రెండరచేతుల మీద ఒకసారి ఎగరేశాడు.

"కర్సోనో గిటారు కదూ! ఏంటమ్మాయ్, ఆ సీసం ఇంకా ఇందులోనే ఉందా?"

వినార్ని హెల్మెట్ తీస్తూ ఆగిపోయింది. "ఏ సీసం?"

"ఏ సీసమేంటి? మీ నాన్న పోయించిన సీసం. చెప్పలేదా?"

"స్తంభం బరువని చెప్పాడు."

తుమిజాన్ పడీపడీ నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు. "స్తంభానికి అంత బరువెక్కడిదే పిచ్చిదానా! తొంభై ఏళ్ళు ఎండిన టేకు. తడంతా పోయి, వాయిస్తే టంగుమనేది. చెక్కి, మెడ బిగించి, తీగలు వేసి మీ నాన్న చేతిలో పెట్టాను. నాలుగు కిలోల పైచిలుకు ఉందంతే. చేతుల్లో అటూ ఇటూ ఊపి చూశాడు. మొహం వాడిపోయింది. 'అంత ఇల్లు అమ్మితే ఇంతేనా పాక్?' అన్నాడు."

వినార్ని హెల్మెట్ తీసి రంపపు పొట్టు మీద పెట్టింది.

"మోతెలా ఉందో వినవయ్యా అన్నాను. వినలేదు. ఎవరికైనా ఇస్తే స్తంభమని నమ్మరు, బరువు పెట్టమన్నాడు. అప్పట్లో మా ఊళ్ళో కొనేవాళ్ళంతా అంతేగా! మీటి చూసేవాడు ఒకడుంటే, చేత్తో తూచి చూసేవాళ్ళు పదిమంది. సరే మారాజా అని వెనక గుంట తీసి, సీసం కరిగించి పోసి, పైన టేకు రేకు అతికించి మరలు వేశాను. డబ్బులు కూడా విడిగా ఇచ్చాడు."

"మా నాన్న దీన్ని ఎప్పుడూ నిలబడి వాయించలేదు పాక్" అంది వినార్ని. "మా వసారాలో మంచం మీద కూర్చుని వాయించేవాడు. నలుగురి ముందు వాయించాలంటే సిగ్గు."

"అదీ సంగతి. పోయించినవాడు మోయలేదు, మోసినదానికి తెలీదు."

ఆమె ముందు తండ్రిని మనసారా తిట్టింది. తర్వాత నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. ఇన్నేళ్ళూ బొయొలాలి రోడ్డుమీద జనం గుర్తుపట్టిన స్వరం టేకుది కాకపోతే, సీసానిదే అయితే? తీసేశాక అది పోతే? స్రాగెన్ మనిషి తక్కువకి వస్తానంటున్నాడు.

"తీస్తే మోత తగ్గుతుందా?"

"కొంచెం తగ్గొచ్చు. తగ్గకపోవచ్చు. నేను చెప్తే నమ్ముతావా? నీ చెవులున్నాయి, అక్కడ యాంప్లిఫయర్ ఉంది. ముందు వాయించి విను."

ఆమె వాయించింది, తీగని వంచి వదిలింది. గాలిపటం లేచి, నిలబడి, నెమ్మదిగా వాలింది. అదే తీగ మీద అదే చోట ఇంకోసారి, మరోసారి వాయించింది, చెవికి పట్టేదాకా. తర్వాత గిటారుని బల్లమీద బోర్లా పెట్టింది.

మరలు కదల్లేదు. మేనత్త నిమ్మరసం వాటిని చెక్కలో కలిపేసింది. తుమిజాన్ ఒక్కో మర తలనీ బరమాతో తొలుస్తూ ఆ పుణ్యం కట్టుకున్నవాళ్ళ వంశాన్ని మూడు తరాలు వెనక్కి తిట్టాడు. రేకు ఊడింది. లోపల నల్లగా, సబ్బుబిళ్ళంత దిమ్మ. ఉలితో ఎగదోస్తే నేలమీద పడి దబ్బుమంది. కోళ్ళు చెదిరిపోయాయి.

అంత చిన్నది. వినార్ని దాన్ని ఒక చేత్తో ఎత్తబోయి, రెండో చెయ్యి కూడా వేసింది.

రేకు మళ్ళీ మూసి, తీగలు సవరించి, పట్టీ తగిలించుకుని ఆమె నిలబడింది. నిలబడగానే, తేలికైన సంగతి భుజం ముందు చెప్పింది. గిటారు పక్కటెముకల దగ్గర కదలకుండా ఒదిగి ఉంది. చెయ్యి తీసి చూసింది. మెడ వాలలేదు. టేకు తూకం మెడకి సరిపోయింది. అప్పుడు తీగని వంచింది.

తేడా ఉంది. ఆమె చెవికి తెలిసింది. స్వరం చివర్న, వాలేముందు, ఇదివరకు ఒక రెప్పపాటు ఎక్కువ నిలిచేది. ఇప్పుడు ఆ రెప్పపాటు లేదు. దానికి బదులు మొదట్లో కొంచెం తేటదనం వచ్చింది, నీళ్ళు కలపని టీలా.

"విన్నావా పాక్?"

"ఏం వినాలి?"

"చివర్న."

"చివర్న కోడి కూసింది. ఏమ్మా, మళ్ళీ పెట్టెయ్యనా?"

వినార్ని మళ్ళీ మీటింది. ఈసారి స్వరం వాలబోయే చోట వేలిని కొద్దిగా వణికించింది, తల్లి పాపని ఇంకోసారి పైకెగరేసినట్టు. మొద్దుబారని వేలు కాబట్టి మాట వింది. పోయిన రెప్పపాటు వచ్చింది, పైన ఇంకొకటి కూడా. సీసంతో ఉన్నప్పుడు ఆ వణుకు ఎందుకు పెట్టలేదు? అవసరం రాలేదు. అవసరమైనా ఆ వేళ్ళకి ఓపిక లేదు.

"పెట్టొద్దు" అంది.

"నూటయాభై వేల రుపియాలు."

"దేనికి?"

"తీసినందుకు."

"పెట్టింది నువ్వే కదా పాక్!"

"పెట్టినందుకు మీ నాన్న ఇచ్చాడు. తీసినందుకు నువ్వివ్వు. రెండూ పనులే."

వినార్ని సంచీలో ఉన్న వంద వేల నోటు ఒక్కటీ ఇచ్చింది. సీసం దిమ్మని గుడ్డలో చుట్టుకుంది.

ఇంటి దగ్గర మేనత్త సిస్వాంతి గిటారుని ఎత్తి చూసి తెల్లబోయింది.

"ఒసే, ఏం చేశావే దీన్ని? ప్రాణం పోయినట్టుంది!"

"ప్రాణం ఇదిగో అత్తా" అని వినార్ని గుడ్డ విప్పి దిమ్మని ఆమె ఒళ్ళో పెట్టింది. జరిగింది చెప్పింది, "అంత ఇల్లు అమ్మితే ఇంతేనా" అన్న మాటతో సహా. మేనత్త ఇల్లు అమ్మిన రోజు తలుచుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని దిమ్మని చేత్తో తూచింది. "మా తమ్ముడు చేసినదాంట్లో ఏదో అర్థం ఉంటుంది" అని, దాన్ని తెల్లగుడ్డలో చుట్టి బీరువా పైన పెట్టింది. ఈ సురోకి మల్లెపూల నీళ్ళు దానికేనట. వినార్ని అడ్డుచెప్పలేదు. సీసానికి తుప్పు పట్టదు, కరెంటు అవసరం లేదు, ఎవరి భుజమూ నొప్పెట్టదు. పూజకి అంతకంటే యోగ్యమైన వస్తువు దొరకదు.

క్లాతెన్ పెళ్ళి ఎండలో జరిగింది. రేకుల పందిరి కింద జనం ఆవిరికి ఉడుకుతున్నారు. వినార్ని మొదటి పాటకి నిలబడింది. రెండోగంట దాటింది. హర్జితో పాటల మధ్యలో ఆమె ఎడమచేతికేసి చూస్తూనే ఉన్నాడు. మూడోగంటలో పెళ్ళికొడుకు మామయ్యలు వేదికెక్కి పాటగత్తె చేతిలో నోట్లు పెడుతూ పాటని సాగదీయమన్నారు. సాగదీశారు. చరణం చివర వినార్ని తీగని వంచింది. డోలువాడు ఆగాడు. స్వరం లేచి, నిలబడి, వాలబోయి, మళ్ళీ లేచింది. డోలువాడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే పట్టుకుని ఆమెకేసి తిరిగి చూశాడు. అప్పుడు వాలింది. అప్పుడు దెబ్బ పడింది. కుర్రాళ్ళు పందిరి రాటలు ఊగేలా ఎగిరారు.

చివరి పాటదాకా ఆమె నిలబడే ఉంది. చిటికెనవేలు చివరి పాటలో కూడా ఆమెదే.

సామాను సర్దుతుంటే హర్జితో వచ్చాడు. మెచ్చుకోలు ఆయనకి చేతకాదు. గిటారు మీద చెయ్యి వేసి, "చెప్పానా, టేకు టేకే. బరువున్న చెక్కకే ఆ మోత వస్తుంది" అన్నాడు.

"అవును పాక్" అంది వినార్ని.

"రేపు వోనొగిరి. వ్యాను ఎనిమిదింటికి. స్రాగెన్ అతనికి వద్దని కబురు పెట్టేశాను."

బెసార్ నెలలో ఆమె ఒక్క పెళ్ళి కూడా వదల్లేదు. సాకియెం చాప మీద పడుకోవడానికి తీరిక దొరకలేదు. బాకి వైపు వెళ్ళడానికి అసలే దొరకలేదు. తుమిజాన్‌కి ఇంకా యాభై వేల రుపియాలు ఇవ్వాలి.